డెబ్బై దాటని చెయ్యి

అరవై మూడు. అంకె మారింది. అరవై నాలుగు.

బల్ల మీది పవర్ సప్లైలోంచి కాలిన వార్నిష్ వాసన మొదలైంది. వర్క్‌షాపులో అందరూ ‘అక్కా’ అని పిలిచే ఆమె లోడ్ తగ్గించలేదు. మరికాస్త పెంచింది.

ఇంతకుముందు ఈ వాసన వచ్చిన రోజు ఆమె తమ్ముడి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ సప్లైలో, వేడి మితిమీరితే కరెంటు ఆపే స్విచ్ ఉండేది. దాని రెండు కాళ్లను ఎవరో వైరు ముక్కతో కలిపేశారు. ఇక అది ఆపేదేముంది? పని తొందరగా తెమల్చడానికి కుర్రాడే కలిపాడని యజమాని పెద్దాయన కస్టమర్లందరి ముందూ తేల్చేశాడు. తమ్ముడు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆ తర్వాత ఏ షాపూ అతన్ని గడప తొక్కనివ్వలేదు.

అతని కుర్చీలోకి అక్క వచ్చింది. నవ్వుతూ పని చేసింది, లోలోపల కత్తి నూరుకుంటూ.

అలాంటి సప్లై మాడ్యూలే ఇంకొకటి మూల పడి ఉంటే బాగుచేసి, వేడిని బయటికి లాగే అల్యూమినియం రెక్కలకు పేస్టు రాసి సెన్సర్ బిగించింది. ముందువైపు డిగ్రీలు కనబడతాయి. డెబ్బై రాగానే రిలే కరెంటు ఆపేస్తుందని అందరికీ వివరించి చెప్పింది. రిలే తీగలు వెనకవైపు చేతికందేలా వదిలేసింది. కావాలనే. లోపల ఎనభై దగ్గర ఆపే రెండో సెన్సర్ ఉన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వారమంతా ఆ సప్లై బ్యాటరీలు ఛార్జ్ చేస్తుండగా మధ్యలో ఆగిపోతూనే ఉంది. నిన్నటి నుంచి ఆగడం మానేసింది. ఎవరో వెనక చెయ్యి పెట్టారు. ఎవరన్నదే తేలాలి.

అందుకే ఇవాళ కస్టమర్లు ఉండగా పరీక్ష పెట్టింది. తమ్ముణ్ని రమ్మంది. పెద్దాయన లోపలికి రానివ్వకపోతే కౌంటర్ అవతలే నిలబడ్డాడు.

అరవై ఆరు.

ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే తాత స్నానానికి నీళ్లు పెట్టుకోవచ్చునని వేళాకోళమాడాడు. పెద్దాయన టీ తాగుతూ, డెబ్బైకి అదే ఆగుతుంది, చూద్దాం అన్నాడు. అక్కడే పనిచేసే పెద్దాయన బావమరిది నవ్వలేదు. పని చిటికెలో తేలుస్తాడని అతన్ని చురుకయ్య అంటారు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నుదురు తుడుచుకున్నాడు.

అరవై ఎనిమిది. తాత మెడ చాచి చూశాడు.

అరవై తొమ్మిది. చురుకయ్య ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేశాడు.

అంకె ఆరిపోయింది. ప్లగ్గు పట్టుకున్న ఆ చేతి వైపు అక్క చూసింది. దానికోసమే ఇన్నాళ్లూ కాచుకుంది.

"ఇంకో డిగ్రీకి అదే ఆగేది. ఆగదని నీకెలా తెలిసింది, అన్నా?"

ఇలాంటి డబ్బాలను నమ్మలేమని అతను నసిగాడు. అక్క మాడ్యూల్‌ను వెనక్కి తిప్పింది. రిలే తీగల మధ్య చిన్న వైరు ముక్క మెరిసింది. బ్యాటరీల ఛార్జింగ్ ఊరికే ఆగిపోతుంటే ఏం చేయమంటావని చురుకయ్య నేల చూపులు చూశాడు. కుర్రాడి చెయ్యి కాలినప్పుడూ అంతే కదా అని తాత అడిగాడు. చురుకయ్య తల ఇంకా వంచాడు. మొన్నటిదాకా ఆ ప్రశ్న అడగని తాత కూడా తల దించుకున్నాడు.

పెద్దాయన కప్పు కింద పెట్టి, ఇది ఇంటి విషయం, సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు.

"మా వాడి పేరు నలుగురిలో చెప్పారు. ఇదీ నలుగురిలోనే చెప్పండి. లేదంటే ఈ డబ్బా పట్టుకుని స్టేషన్‌కు వెళ్తాను. అక్కడైనా చెప్పాలిగా మీరు."

పెద్దాయన బావమరిది వైపు చూశాడు. కౌంటర్ అవతల కస్టమర్ల వైపు చూశాడు. వాళ్ల మధ్య కాలిన చెయ్యిని జేబులో దాచుకున్న కుర్రాడు రెప్ప వేయడం లేదు.

"వినబడట్లేదు, పెద్దాయనా," అంది అక్క, ఆయనింకా నోరు తెరవకముందే.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ వైరు కలిపింది కుర్రాడు కాదు. చురుకయ్య. మా చురుకయ్యే."