మొరం బాట

సుభాన్ దిమ్మిస ఎత్తి మళ్లీ వేశాడు. నీళ్లు చల్లి సున్నం కలిపిన ఎర్ర మొరం మరో వేలెడు అణిగింది. మెట్టుగూడలో విజయమ్మ ఇంటి గేటు నుంచి వసారా మెట్ల దాకా జట్కా వచ్చే బాట అది. వానలకు నడుమంతా కొట్టుకుపోయింది.

ఇరవై ఏళ్లుగా ఈ పనే. నడుము ఒంగి అలాగే ఉండిపోయింది. అరచేతులు దిమ్మిస కర్ర రంగుకు తిరిగాయి. ఎప్పుడూ గేటు దగ్గర మొదలుపెట్టి మెట్ల దగ్గర ముగిస్తాడు. ఇవాళ మెట్ల దగ్గరే మొదలుపెట్టాడు. గేటు దగ్గర ముగిస్తే అటునుంచి అటే స్టేషనుకు పోవచ్చు.

భార్య బానో నెల కిందట జహీరాబాద్ అవతల పుట్టింటికి వెళ్లింది. అంతలో నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చింది, రైలుబళ్లు ఆగిపోయాయి. అటువైపు పల్లెల్లో ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారని రోజుకో మాట వినిపిస్తోంది. ఇవాళ నాలుగింటికి వికారాబాద్ బండి మళ్లీ కదులుతుందట.

మధ్యాహ్నం గోడవారన తువ్వాలు పరిచి నమాజుకు నిలబడ్డాడు. ఎన్ని రకాతులయ్యాయో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాడు.

నీళ్లు పోసే జంగయ్య ఊరుకోలేదు. "ఏందే సుభాన్ మామా, పసిపోరిని జోకొట్టినట్టు కొడ్తున్నవ్? నువ్వు పో, మిగిలింది నేను కొడ్త."

"నువ్వు కొడితె గుంతలల్ల కోళ్లు గుడ్లు పెడ్తయ్."

"పెట్టనియ్. బండి పోతె మల్ల ఎప్పుడో ఏమో!"

తడి మొరాన్ని సగంలో వదిలితే అతుకు దగ్గర పగులుతుంది. అందుకే కదలలేకపోతున్నాడా, అక్కడికి పోతే ఏం చూడాల్సి వస్తుందోనన్న భయమా? పైవాడికే తెలియాలి.

విజయమ్మ వసారాలోకి వచ్చింది. "ఇంకో వారం ఆగరాదూ సుభాన్? జెర సద్దుమణగనీ. పెరట్ల గది ఉంది. ఎవరడిగినా నా మనిషివని చెప్త."

"మీరు చెప్తరమ్మా. అక్కడ బానోను తన మనిషని ఎవరు చెప్తరు?"



మూడుంబావుకు గేటు దగ్గర చివరి దెబ్బ పడింది. రోడ్డు మీదికి అడుగుపెట్టాక సుభాన్ తన కాళ్లు చూసుకున్నాడు. చెప్పులు పొద్దున అలవాటుగా మెట్ల మీదే విడిచాడు. నడుమ తడి బాట.

"తొక్కుకుంట రా, ఖరాబైతే అయింది!" అని కేకేసింది విజయమ్మ.

"పెరటికెళ్లి చుట్టు తిరిగి తెస్త," అన్నాడు జంగయ్య.

"టైం లేదు. వచ్చినంక తీసుకుంట."

జంగయ్య తన తలరుమాలు విప్పి, సుభాన్ టోపీ తీసి అతని జేబులోనే కుక్కి, రుమాలు అతని తలకు చుట్టాడు.  ఉత్త కాళ్లతో సుభాన్ మూల తిరిగాడు.

బాట ఆరేదాకా మూడు రోజులు విజయమ్మ పెరటి దారినే తిరిగింది. నాలుగో రోజు జట్కా వచ్చింది. బాట ఎక్కడా పగల్లేదు. విజయమ్మ రోజూ దీపం పెట్టేటప్పుడు గేటువైపు చూసేది.

ఆరో నాడు జంగయ్య వెనకే బానో వచ్చింది, మట్టికొట్టుకున్న బురఖాలో. ఎవరో ఎడ్లబండి మీద దాచి తీసుకొచ్చారట.

"అమ్మా, ఆయన పనిల ఉన్నడా?" అంది.

 బానో కొత్త బాట మీద నడిచి మెట్ల దగ్గర ఆగింది. వాన జల్లు పడకుండా విజయమ్మ గోడవారకు జరిపి పెట్టిన చెప్పులు, మడమల దగ్గర అరిగినవి, అక్కడే ఉన్నాయి.