కాల్షియం తోడు

గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి జువాలజీ లెక్చరర్ కావాలంటే డెమో క్లాసుకి వెళ్ళాను. తొంభై ఎనిమిదిలో సంగతి. ఈ ఉద్యోగం కూడా రాకపోతే గిలకలదిండి హార్బరులో ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చోబెడతానని పడవ మీద వేటకెళ్ళే మా నాన్న అంకమ్మరావు ముందే చెప్పేశాడు. ఎమ్మెస్సీ చదివింది ఐసు దిమ్మల మధ్య కూర్చోవడానికా? నాకు పాఠం చెప్పడం కావాలి. బందరు నుంచి బస్సులో నిలబడి వెళ్ళినంతసేపూ అదే పట్టుదల.

ప్రిన్సిపాల్ రామబ్రహ్మం గారు. కాలేజీ కూడా ఆయనదే. వెనక బెంచీలో కూర్చుని, బిగిసిన కండరం ఎలా సడలుతుందో చెప్పమన్నారు. ముందు బెంచీల నిండా సీనియర్ ఇంటర్ అమ్మాయిలు.

బాగానే మొదలుపెట్టాను. నరం చివర నుంచి ఒక రసాయనం వచ్చి కండర కణాన్ని తడుతుంది. లోపలి అరల్లో దాచుకున్న కాల్షియం ఒక్కసారిగా కణమంతా పొంగుతుంది, కండరం బిగుస్తుంది. కబురు అందింది, పని జరిగింది. ఇక ఆ కాల్షియం అక్కడే ఉండిపోతే కణానికే చేటు. "అందుకని కణం వెంటనే ఒక పనికి దిగుతుంది" అంటూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: కాల్షియం – తోడు!

ముందు బెంచీలో ఇందిర అనే అమ్మాయి లేచి నిలబడింది.

"పాలల్లో వేసే తోడా మేడం?"

క్లాసంతా గొల్లుమంది. తప్పు ఆ పిల్లది కాదు. ఇంటింటా పాడి ఉన్న ఊళ్ళ పిల్లలు. కాల్షియం అనగానే పాలు, తోడు అనగానే పెరుగు గుర్తొస్తాయి. మా ఇంట్లో ఆ మాట వేరు. పడవలోకి నీళ్ళు ఊరుతుంటే తోడి బయట పొయ్యమని నాన్న వేసే కేక అది. ఆ సంగతే పిల్లలకి చెబుతుంటే నాకూ నవ్వొచ్చింది.

రామబ్రహ్మం గారికి మాత్రం రాలేదు. లేచి ముందుకొచ్చారు.

"చూశారామ్మా? ఇందుకే పడవల మాటలు క్లాసులోకి తేకూడదు. మా నోట్సులో 'కాల్షియం యథాస్థితికి చేరుకుంటుంది' అని శుభ్రంగా ఉంది. ఆ మాట చెరిపేసి ఇది రాయించండి. మిగతాదంతా బాగుంది. సోమవారం నుంచి వచ్చేయండి."

డస్టర్ నా చేతికిచ్చారు. ఉద్యోగం చేతిలో పెట్టినట్టే. తీసుకున్నాను కూడా. బోర్డు వైపు తిరిగాక ఒళ్ళు మండింది. చేరుకుంటుందట! ఎవరూ వేలు కదపకుండా, దానంతట అదే! పడవలో నీళ్ళు వాటంతటవే సముద్రంలోకి చేరుకున్నాయని మా నాన్నతో అని చూడండి.

"చేరుకోదండీ," అన్నాను. "కణం బయట కాల్షియం లోపలికన్నా వేల రెట్లు ఎక్కువ. వదిలేస్తే లోపలికే వస్తుంది గానీ బయటికి పోదు. కణంలోని పంపులు ఏటీపీ అనే ఇంధనం ఖర్చుపెట్టి, కొంత బయటికీ కొంత లోపలి అరల్లోకీ ఎత్తిపోయాలి. చచ్చిన చేప కొయ్యలా ఎందుకు బిగుసుకుంటుంది? తోడడానికీ, పట్టిన పట్టు వదలడానికీ ఏటీపీ మిగలదు కాబట్టి."

"అదంతా పరీక్షకి అక్కర్లేదమ్మా. ఒక్క మాట కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా?"

"మాట ఒక్కటే అయితే మార్చేద్దునండీ. మీ వాక్యంలో ఆ పని చేసేవాళ్ళే లేరు."

ఆయన ముఖం ఎర్రబడింది. "అయితే మీరింక వెళ్ళొచ్చు," అని గుమ్మం దాకా నడిచి దారి చూపించారు.

భయపడలేదని అబద్ధం చెప్పను. నాన్నకి ఏం చెప్పాలో కూడా తోచలేదు. కానీ ఆ డస్టర్ బోర్డు మీద పెట్టడానికి నా చెయ్యి రాలేదు, రానివ్వలేదు.

ఇందిర ఇంకా నిలబడే ఉంది. "మరి పరీక్షలో ఏం రాయమంటారు మేడం?" అంది. ఆయన్ని వదిలేసి నన్ను అడిగింది.

"ఏటీపీ ఖర్చుపెట్టి తోడేస్తుంది అని రాయి. అందరూ అదే రాసుకోండి."

పెన్నులు కదిలాయి. రామబ్రహ్మం గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"గంట కొట్టేదాకా క్లాసు నాదండీ," అని డస్టర్ బల్ల మీద పెట్టేసి, సోడియం లోపలికొస్తూ కాల్షియాన్ని బయటికెలా నెడుతుందో చెప్పడం మొదలుపెట్టాను.