బొట్టు పెట్టిన పాట

నేను ఒక లక్క రికార్డును. అన్నం పళ్ళెమంత ఉంటాను. నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిప్పితే గాని సరిగా పాడను. కింద పడితే పెంకులే. అందుకే పుట్టినప్పటి నుంచీ నాకు గుండెదడ.

లక్క, రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చులో నొక్కి నన్ను చేశారు. నాలో ఉన్నది మాణిక్యాంబ గొంతు. పందొమ్మిదేళ్ళప్పుడు మద్రాసులో పాడింది. పెళ్ళయ్యాక కాకినాడకు కాపురానికొస్తూ నన్ను వెంట తెచ్చుకుంది. మూడేళ్ళు తిరగకుండానే, చంటిపిల్ల శేషారత్నాన్ని వదిలి, విషజ్వరంతో పోయింది. ఆ పాట వినలేక ఆమె భర్త గ్రామఫోను ఎవరికో ఇచ్చేశాడు. ఆమెది ఒక్క ఫోటో కూడా లేదు.

మనుషులు చిత్రమైనవాళ్ళు, వినడానికి వీల్లేకపోతే పూజిస్తారు. పెద్దయ్యాక శేషారత్నం ప్రతి దసరాకీ నన్ను పెట్టెలోంచి తీసి, ముత్తయిదువగా పోయిన తల్లి కదా అని, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. అరవై ఏళ్ళ భక్తి నా గాడుల్లో గడ్డకట్టింది. ఆమె దండం పెట్టినప్పుడల్లా పాట మరికాస్త పూడుకుపోతోందని హడలిపోయేవాణ్ణి. చెప్పడానికి నాకు నోరేదీ?

ఈ మధ్య మనవరాలు హిమజ కొత్త టర్న్‌టేబుల్ కొంది. నాలాంటివాళ్ళకు లావుపాటి ముల్లు కావాలని తెలుసుకుని అదీ తెప్పించింది. తెలివైన పిల్లే. శేషారత్నానికి ఇప్పుడు డెబ్భై తొమ్మిది. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి నెలనెలా తగ్గుతోంది. అది పూర్తిగా పోయేలోగా తల్లి గొంతు వినాలని ఆమె ఆరాటం.

గుడ్డతో తుడిస్తే కుంకుమ కదల్లేదు. హిమజ స్పిరిట్ సీసా మూత తీసింది. ఆ వాసనకే నా పై ప్రాణాలు పైనే పోయాయి. దూది నా అంచు చుట్టూ తిరిగింది, నల్లబడింది.

"చూశావా అమ్మమ్మా, ఎంత మురికో!" అని హిమజ మురిసిపోయింది.

అది మురికి కాదు, నేను.

వరండాలో తలుపులకు పాలిష్ వేస్తున్న మస్తాన్ మేస్త్రి వాసన పట్టి పరిగెత్తుకొచ్చాడు. "ఆగండాగండి! మేం లక్క కరిగించేది దాంతోనేనండి. పాట కాస్తా పాలిషైపోద్దండి!"

హిమజ దూది పక్కన పడేసింది. మస్తాన్ మెత్తటి కుంచె తెచ్చి, గాడి వెంబడే ఓపిగ్గా దులిపాడు. ఎర్రటి పొడి కాగితం మీద రాలుతుంటే శేషారత్నం మొహం పాలిపోయింది.

"ఇన్నేళ్ళూ మా అమ్మ నోరు నేనే మూశానా నాయనా?"

"తెలీక చేశారండి," అన్నాడు మస్తాన్, తలెత్తకుండా.

ముల్లు దిగింది. బరబర, బరబర. స్పిరిట్ తగిలిన చోట పల్లవి లేదు. ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఇంకా బరబరే. ఇంతకాలం మోసుకొచ్చి చివరికి చేతకానివాణ్ణయ్యానని కుమిలిపోయాను. శేషారత్నం కుడి చెవిని స్పీకరుకు ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

చరణం దగ్గర మాణిక్యాంబ గొంతు పైకి లేచింది. సన్నగా, కొంచెం బెదురుగా.

"వినబడుతోందా అమ్మమ్మా?"

శేషారత్నం చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఇంత చిన్నపిల్లటే మా అమ్మ!" అంది.

పాట అయిపోయింది. మళ్ళీ వేద్దామని హిమజ ముల్లు ఎత్తింది. శేషారత్నం ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ్టికి వద్దే తల్లీ. పసిది, అలిసిపోతుంది."