ఐదింటి దాకా

దెయానీరా ఇంటి ముందు ఎలిసేయో దిగేసరికి ఉదయం తొమ్మిది కావస్తోంది. కొన్‌స్తాన్సా కొండల మీంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు. కొండ మీద వేసుకున్న ఉన్ని కోటు రాజధాని సాంతో దొమింగో ఎండకి ఏం పనికొస్తుంది, మడిచి చంకలో పెట్టుకున్నాడు. రెండో చేతిలో స్ట్రాబెర్రీల అట్టపెట్టె. దారి పొడవునా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు గానీ అడుగున ఉన్నవి నలిగి, అట్టకి ఎర్రగా తడి ఎక్కింది.

వాళ్లిద్దరూ విడిపోయి మూడేళ్లయింది. అతను తాగలేదు, కొట్టలేదు, ఇంకో ఆడదాని గుమ్మం తొక్కలేదు. ఉన్నదల్లా ఒక్కటే, మాట్లాడేవాడు కాదు. వెల్లుల్లి చేలో పొద్దంతా పనిచేసి వచ్చి, పెట్టింది తిని, గోడకి చేరగిలబడి కూర్చునేవాడు. ఈ చలిలో ఈ గోడతో కాపురం నా వల్ల కాదని దెయానీరా పిల్లలిద్దర్నీ తీసుకుని రాజధానిలో అక్క దగ్గరికి వచ్చేసింది. అప్పటికి నోయేలియాకి ఐదేళ్లు, ఆన్యెలోకి ఏడాది కూడా నిండలేదు. మరుసటి సంవత్సరం ఆమె క్రిస్పిన్‌తో ఉండసాగింది. నగరం మధ్య పారే నదికి అవతలి ఒడ్డున అతనికి చిన్న కిరాణా కొట్టు ఉంది. కొట్టు వెనకే ఇల్లు.

ఇన్నాళ్లూ ఎలిసేయో రెండు నెలలకోసారి వచ్చి, ఆ ఇంటి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో గంటో గంటన్నరో కూర్చుని వెళ్లేవాడు. పిల్లలు కాసేపు అతని ముందు నిలబడి, ఆ తర్వాత ఆటల్లో పడేవారు. ఈసారి మాత్రం పిల్లల్ని బయటికి తీసుకెళ్తానని అడిగాడు. దెయానీరా నాలుగు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. నోయేలియా బడివాళ్లు నగరం పాత భాగంలో ఉన్న కోట చూడ్డానికి వెళ్లిన రోజున ఆ పిల్లకి జ్వరం. కాబట్టి కోటకే వెళ్లాలని అదే తేల్చేసింది.

"ఐదింటికల్లా ఇక్కడుండాలి. ఎండలో తిప్పకు. వాడికి గుడ్డు పడదు," అంది దెయానీరా, ఆన్యెలో టోపీ సరిచేస్తూ.

నోయేలియా వచ్చి, "దీవించు నాన్నా," అంది. దేవుడు నిన్ను చల్లగా చూడాలని అతను దీవించాడు. ఇక్కడ పిల్లలు పొద్దున లేస్తే ముందు అడిగేది అదే. ఆన్యెలో ఏమీ అడగలేదు. వాడు కొట్టు గుమ్మంలో నిలబడిన క్రిస్పిన్ కాలు పట్టుకుని, ఆ కాలి చాటునుంచి చూస్తున్నాడు. "ఎలిసేయో వచ్చాడు చూడు, వెళ్లు," అని క్రిస్పిన్ వాడి వీపు మీద తట్టాడు. పిల్లవాడికి ఎలిసేయో అంటే ఎలిసేయోనే. నాన్న అనే మాట వాడికి ఇంకొకరిది.

వంతెన దాటే వ్యానులో నోయేలియా మధ్యలో కూర్చుంది. ఎలిసేయో చాచి ఆన్యెలో చెయ్యి పట్టుకోబోతే వాడు లాక్కున్నాడు. "నీ చెయ్యి వాసనొస్తోందంట," అని చెప్పింది నోయేలియా, వాడు చెవిలో చెప్పింది విని. పొద్దున నిమ్మచెక్కతో రెండుసార్లు రుద్దుకున్నాడు ఎలిసేయో. పదిహేనేళ్ల వెల్లుల్లి ఒక నిమ్మచెక్కకి పోతుందా.

"మణికట్టు దగ్గర పట్టుకో నాన్నా. అక్కడైతే వాడేం అనడు," అంది నోయేలియా.

పెద్ద చర్చి ముందు పార్కులో పావురాలకి మొక్కజొన్న గింజలు వేయించాడు. తురిమిన ఐసు మీద చింతపండు రసం పోయించి ఇచ్చాడు. గింజలమ్మే ఆవిడ ఉండబట్టలేక, "పిల్లల అమ్మ రాలేదా బాబూ?" అంది. రాలేదన్నాడు. "పాపం ఒక్కడివే ఎలా తిప్పుతున్నావయ్యా ఇద్దర్నీ," అని ఆవిడ జాలిపడితే, అందులో జాలిపడాల్సిందేముందో అప్పటికి అతనికి తెలియలేదు. అరగంటలో తెలిసొచ్చింది. పిల్లలు ఒకరితో ఒకరు గలగలా మాట్లాడుకుంటున్నారు. సిగ్గులేనోడికి కాలు బాగైందా, నిన్న కెప్టెన్ ఎవర్ని కరవబోయాడు, పక్కింటి ముసలమ్మ పళ్లు తీసి గ్లాసులో ఎందుకు పెడుతుంది. ఆ మాటల్లో ఉన్న మనుషులెవరో, కుక్కలెవరో అతనికి తెలియదు. అడిగితే నోయేలియా ఓపిగ్గా చెప్పేది. చెప్పడం అయ్యేసరికి అసలు మాట దాటిపోయేది. చుట్టూ ఆదివారం జనం, బెంచీల మీద కుటుంబాలు కుటుంబాలుగా. తన పిల్లల పక్కనే కూర్చుని, దారి తెలియక ఎవరింటి ముందో ఆగిన మనిషిలా ఉంది అతనికి.

స్ట్రాబెర్రీ పెట్టె తీసి ఇచ్చాడు. ఆన్యెలో ఒకటి కొరికి, పుల్లగా ఉందని చొక్కాకి తుడిచేశాడు. నోయేలియా మాత్రం వరసగా ఆరు తింది. చివరి రెండూ ఇష్టంతో కాదు, తన కోసం తిందని ఎలిసేయోకి అర్థమైంది.

పన్నెండు దాటాక రాళ్లు పరిచిన పాత వీధి వెంట కోటకి నడిచారు. లోపల పెద్ద పచ్చిక, ఆ చివర నది మీదికి చూస్తూ బురుజు. బురుజు పైకెక్కితే ఓడలు కనిపిస్తాయని క్లాసులో చెప్పారట. నోయేలియా ముందు పరిగెత్తింది. ఎలిసేయో ఆన్యెలోని ఎత్తుకుంటానంటే ఈసారి వాడు కాదనలేదు, ఎండకి అలిసిపోయాడు. ఆ బరువు భుజం మీద పడగానే ఎలిసేయో నడక ఆపి, వాణ్ణి ఇంకాస్త దగ్గరికి సర్దుకున్నాడు. ఏడాది నిండని పిల్లవాణ్ణి ఎత్తుకున్నవాడు మళ్లీ ఇప్పుడే ఎత్తుకోవడం.

లోపల మెట్లు ఇరుకు. ఒక మలుపు తిరిగేసరికి వెలుతురు తగ్గిపోయింది. రెండో మలుపులో పైనుంచి దిగే జనం ఎదురొచ్చారు. వాళ్లకి దారివ్వడానికి ఎలిసేయో గోడకి ఒత్తుకున్నాడు. పిల్లవాడి వీపుకి చల్లటి రాయి తగిలింది. వాడు ఒక్కసారిగా బిగుసుకుపోయి, కేకపెట్టాడు. మామూలు ఏడుపు కాదది. ఊపిరి అందనట్టు, గుక్కపట్టి, కాళ్లతో తన్నుతూ, "నాన్న కావాలి, నాన్న కావాలి" అని. ఎలిసేయో వాణ్ణి గట్టిగా పట్టుకున్నకొద్దీ వాడు ఇంకా గింజుకున్నాడు.

"నాన్ననే రా, నేనే," అన్నాడు ఎలిసేయో.

"నువ్వు కాదు!"

మెట్ల మీద జనం ఆగిపోయారు. ఎవరో ఆడమనిషి, ఆ బిడ్డ అతని బిడ్డేనా అని పక్కామెని అడగడం అతనికి వినపడింది. ఎలాగో కిందికి దిగి, మెట్ల మొదట్లో ఉన్న చిన్న గదిలోకి వచ్చాడు. కోట కావలి ఆవిడ, యాభై దాటిన మనిషి, అప్పటికే గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. అతన్నేమీ అడగలేదు. పైనుంచి రొప్పుతూ దిగి వచ్చిన నోయేలియా ముందు వంగి అడిగింది.

"భయపడకు తల్లీ. ఈయన ఎవరమ్మా మీకు?"

నోయేలియా ఆవిణ్ణి చూసింది, తండ్రిని చూసింది. ఆ కాస్త ఆలస్యం ఎలిసేయో జన్మలో మరిచిపోలేనంత పొడుగ్గా సాగింది.

"మా నాన్న."

"మరి వీడికి?"

"వీడికీ నాన్నే. వాడికింకా అలవాటు కాలేదు, అంతే."

కావలి ఆవిడ గుమ్మంలోంచి జరిగింది. కానీ పిల్లవాడు ఆగలేదు. మంచినీళ్లిస్తే తోసేశాడు. నేల మీద దింపితే గోడ మూలకి పోయి ముడుచుకుని, పెదాలు నీలంగా అయ్యేదాకా ఏడుస్తున్నాడు. అప్పుడు నోయేలియా, చాలా చిన్న గొంతుతో, క్రిస్పిన్‌కి ఫోన్ చేద్దామా అని అడిగింది. లిఫ్టులో ఇలాగే అయినప్పుడు ఆయనే ఊరుకోబెట్టాడంది.

ఎలిసేయో దగ్గర ఆ నంబరు ఉంది. ఏదైనా అవసరమైతే అని దెయానీరా ఎప్పుడో రాసిచ్చింది. ఏ అవసరానికైనా సరే ఆ నంబరు నొక్కకూడదని అతను అప్పుడే అనుకున్నాడు. ఇప్పుడు నొక్కాడు.

అవతల కొట్టు సందడి, రేడియో పాట. ఎలిసేయో రెండు ముక్కల్లో చెప్పాడు. క్రిస్పిన్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టమన్నాడు. ఎలిసేయో మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాచి, తన కొడుకు చెవి దగ్గర ఇంకొక మగవాడి గొంతు పట్టుకుని అలాగే ఉన్నాడు.

"ఒరే ఆన్యెలో," అంది ఆ గొంతు, ఏమీ కానట్టు. "ఇక్కడ కొట్టు ముందు మూడు కుక్కలొచ్చి కూర్చున్నాయిరా. వీటి పేర్లు మర్చిపోయాను. ఎర్రదాని పేరేంటి?"

ఎక్కిళ్లు. "...దాల్చిని."

"ఆ, దాల్చిని. మరి ఈ పెద్దది?"

"కెప్టెన్."

"మరి నా చెప్పు ఎత్తుకుపోయిన వెధవ?"

"సిగ్గులేనోడు," అన్నాడు పిల్లవాడు, ముక్కు ఎగబీలుస్తూ. నీళ్లు నిండిన కళ్లలోనే కొంచెం నవ్వు వచ్చింది.

"అది. ఇప్పుడు ఎలిసేయో నిన్ను ఎత్తుకుని ఎండలోకి తీసుకెళ్తాడు. నువ్వు కళ్లు మూసుకో. బయటికెళ్లాక తెరువు. సరేనా?"

వాడు కళ్లు మూసుకుని చేతులు చాచాడు.

బయట పచ్చిక మీద, చెట్టు నీడలో కూర్చున్నాక, ఫోన్ ఇంకా నడుస్తోందని ఎలిసేయో గమనించాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మనసులో పెట్టుకోకండి ఎలిసేయో గారూ," అన్నాడు క్రిస్పిన్. "వాడికి ఇరుకు చోట్లు పడవు. చెప్పాల్సింది మేమే, మర్చిపోయాం. దెయానీరాకి నేనేం చెప్పను లెండి. చెబితే మళ్లీసారి పంపదు."

థాంక్స్ అన్నాడు ఎలిసేయో. ఆ మాట చెప్పడం కంటే బస్తా మొయ్యడం తేలిక. ఇన్నాళ్లూ చీకట్లో లేచి చేలోకి నడిచేటప్పుడు అతను మనసులో ఒక క్రిస్పిన్‌ని తయారుచేసుకున్నాడు, తిట్టుకోవడానికి వీలుగా. ఇవాళ్టితో వాడు కూడా పోయాడు. ఇక ఆ దారిలో తోడు నడవడానికి ఎవరూ లేరు.

ఆన్యెలో అతని ఒళ్లోనే నిద్రపోయాడు. ఏడ్చి ఏడ్చి పడుకున్న పిల్లల నిద్ర. ఎలిసేయో కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. నది మీద ఒక తెల్ల ఓడ ఆగి ఉంది. నోయేలియా పక్కన కూర్చుని గడ్డి పరకలు పీకుతోంది.

"పైకెళ్లి చూసిరా తల్లీ, నేనిక్కడే ఉంటాను," అన్నాడు.

"వద్దులే. నీ దగ్గరుంటా."

మళ్లీ కాసేపయ్యాక, "నాన్నా, నువ్వు అన్నం ఒక్కడివే తింటావా?" అంది.

"ఆ."

"మరి తినేటప్పుడు ఎవరితో మాట్లాడతావు?"

"ఎవరితోనూ మాట్లాడను."

"మేమున్నప్పుడు కూడా మాట్లాడేవాడివి కాదంట కదా. అమ్మ చెప్పింది."

ఆ పిల్ల గొంతులో నిందేమీ లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. ఎలిసేయో ఒళ్లో పిల్లవాడి టోపీ తీసి, చెమట పట్టిన జుట్టు పక్కకి తోశాడు.

"అప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదా," అన్నాడు. "మాట్లాడకపోయినా ఉన్నట్టే ఉండేది."

నోయేలియా అది విని ఆలోచించింది. మళ్లీ గడ్డి పరకలు పీకసాగింది.

ఐదుకి పది నిమిషాలుండగా ఇల్లు చేరారు. వీధి మలుపులోనే ఆన్యెలో అతని చెయ్యి విదిలించుకుని కొట్టులోకి పరిగెత్తాడు. దెయానీరా పిల్లల మొహాలు పరికించి చూసి, బాగా గడిచిందా అని అడిగింది. నోయేలియా, బాగా గడిచిందంది. క్రిస్పిన్ బియ్యం తూస్తూ, తలెత్తకుండా, "కాఫీ తాగి వెళ్తారా?" అన్నాడు. బస్సుకి టైమయిందని ఎలిసేయో బయల్దేరాడు.

కొండ బస్సులో పక్క సీటులో ఒక పెద్దావిడ, ఒళ్లో కోడిపిల్లల పెట్టె. ఊరికే ఉండలేని మనిషి. ఎక్కడికెళ్లావు, ఎవరున్నారు, పిల్లలెందరు అని ఆరా తీసింది. మామూలుగా అయితే ఎలిసేయో కిటికీ వైపు తిరిగేవాడు. ఆ రోజు చెప్పాడు. ఇద్దరన్నాడు. కోటకి తీసుకెళ్లానన్నాడు. చిన్నవాడు మెట్ల మీద జడుసుకున్నాడని, ఎంత బుజ్జగించినా ఊరుకోలేదని, చివరికి ఒకరిని సాయం అడగాల్సొచ్చిందని.

"ఎవర్ని?"

"వాణ్ణి పెంచుతున్నాయన్ని."

ఆవిడ కోడిపిల్లల పెట్టె మీద చెయ్యి వేసి అతని వైపు తిరిగింది. "మంచివాడేనా?"

"మంచివాడే," అన్నాడు ఎలిసేయో. అనేశాక అది నిజమని తెలిసింది. తెలిసినందువల్ల ఏమీ తేలికవలేదు.

బొనావోలో ఆవిడ దిగిపోయింది. ఆ సీట్లోకి మళ్లీ ఎవరూ రాలేదు. ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట చలి తగిలింది. ఎలిసేయో కోటు తొడుక్కుని కిటికీ మూశాడు.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం చేలో భోజనాల వేళ, అందరికీ కాస్త దూరంగా వెళ్లి ఫోన్ తీశాడు. దెయానీరాకి కాదు, క్రిస్పిన్‌కి చేశాడు. ఈసారి వచ్చినప్పుడు పిల్లల్ని ఎక్కడికీ తిప్పననీ, అభ్యంతరం లేకపోతే పగలంతా కొట్టులో కూర్చుంటాననీ చెప్పాడు. ఆ పిల్లలు ఎలా ఉంటారో, ఏం మాట్లాడుకుంటారో చూస్తానన్నాడు. ఇంత పొడుగు మాట అతను ఫోన్‌లో ఎవరితోనూ మాట్లాడి ఉండడు.

అవతల రేడియో చప్పుడు తగ్గింది.

"రండి," అన్నాడు క్రిస్పిన్. "ఆదివారం సామాన్లు సర్దే పనుంటుంది. మీరు ఊరికే కూర్చోలేకపోతే అదే చేద్దురు గాని."

సరేనని ఫోన్ పెట్టేశాడు. తోటివాళ్లు అటు గట్టు మీద కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. ఎలిసేయో తన గిన్నె తెచ్చుకుని వాళ్ల దాకా వెళ్లబోయి, సగం దారిలో ఆగి, అక్కడే కూర్చుని తిన్నాడు.