కంచె లోపల మేకలు

ఏమీ లేని నేలకు అంత పటిష్ఠమైన కంచె ఎందుకు వేశారు? బందరు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన కనకమహాలక్ష్మి ఈ ప్రశ్నను పురావస్తు శాఖకు రాసింది, ఫోన్లో అడిగింది, చివరకు ఆఫీసు మెట్లెక్కి అడిగింది. జవాబు రాలేదు. కోడూరు దారిలోని ఒక పల్లె పక్కన, ఇనుప కంచె మధ్యలో నీలం బోర్డు నిలబడి ఉంది. ఈ ప్రాచీన స్థలానికి హాని చేసినవారు శిక్షార్హులని హెచ్చరిస్తోంది. దాని చుట్టూ గడ్డి, సందులోంచి దూరిన మేకలు. ఇటుక ముక్క కూడా లేదు.

ఇటుకలున్నది కాలవ అవతలి దిబ్బలో. మూరెడు పొడవున్న ఇటుకలు. వానకు మట్టి జారినప్పుడల్లా వాటి వరస గుండ్రంగా ఒంపు తిరిగి కనిపించేది. ఘంటసాల ఊళ్ళోని బౌద్ధ స్తూపాన్ని ఎరిగిన కళ్ళకు ఇదీ స్తూపమేనని చెప్పనక్కరలేదు. ఒకరోజు ఉదయం దిబ్బ ముందుకు పొక్లెయిన్ వచ్చి ఆగింది. పక్కనే రొయ్యల చెరువు తవ్విస్తున్న నాగబాబుకు గట్టు వేయడానికి మట్టి కావాలి. కనకమహాలక్ష్మి పట్టుబట్టడంతో, శాఖ నుంచి భానుప్రకాష్ అనే కుర్ర అధికారి ఎట్టకేలకు వచ్చాడు.

“రక్షిత స్థలం కంచె లోపలిదండీ. దిబ్బ బయట ఉంది,” అన్నాడతను.

“అయితే మీరు రక్షిస్తున్నది మేకలనా?”

నాగబాబు నవ్వాడు. “పోనీలెండి పిన్నిగారూ, వాటికైనా మేత దొరుకుతోంది. బోర్డు అక్కడుంది, నేను తవ్వేది ఇక్కడ. నా తప్పేముంది?”

అసలు బోర్డు అక్కడికెలా వచ్చింది? కనకమహాలక్ష్మి ఈసారి అధికారిని అడగలేదు. రోడ్డు వార చేపలు ఎండబెడుతున్న ఎల్లమ్మను అడిగింది.

“మేమే పాతామండి,” అంది ఎల్లమ్మ. “తుఫానుకి దిబ్బ మీంచి ఊడి కాలవలో పడింది. సర్కారు వస్తువు పాడైతే మాట మా మీదకొస్తుందని మెరకకి చేర్చాం. కాలవకి ఇటువైపు నీళ్ళెక్కని చోటు ఇదొక్కటే. తుఫానంటే పడవలూ ఇక్కడికే లాగుతాం.”

“మరి కంచె?”

“కంచె వాళ్ళొచ్చి బోర్డెక్కడుందన్నారు, చూపించాం. దిబ్బెక్కడుందని ఎవరడిగారమ్మా?”

కనకమహాలక్ష్మి కోపం ఒక్కసారిగా చల్లబడి పదునెక్కింది. పల్లె తన పడవలతో పాటు బోర్డును కాపాడింది. శాఖ ఆ బోర్డుకు కంచె కట్టింది. దిబ్బ ఎవరి లెక్కలోకీ రాలేదు.

భానుప్రకాష్ దిబ్బ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒంపు వెంట చివరిదాకా చెయ్యి పోనిచ్చాడు. “హద్దులు తేలేదాకా ఆపండి,” అన్నాడు లేచి.

“కాగితం చూపించండి, ఆపుతాను. లేదా బోర్డు చూపించండి. బోర్డున్న చోట నేను పార కూడా వెయ్యను. కేసులు నాకొద్దు,” అన్నాడు నాగబాబు.

“కాగితం రావాలంటే పైనుంచి...” నసిగాడు భానుప్రకాష్.

ఎల్లమ్మ చెంగు నడుముకు దోపింది. “బోర్డే కదా! తెచ్చినోళ్ళకి తీసుకెళ్ళడం రాదా?”

ఆడవాళ్ళు కొందరు పోగయ్యారు. బోర్డును ఊడబెరికి కాలవ దాటించారు. ఒక కొస కనకమహాలక్ష్మి భుజం మీద ఉంది. శాఖ ఆస్తిని కదిలించడానికి అనుమతి కావాలని గొణిగిన భానుప్రకాష్, గడ్డపార తనే అందుకుని, ఇటుకలకు దూరంగా గొయ్యి తీశాడు.

పొక్లెయిన్ వెనక్కి తిరిగింది. కాగితం ఇంకా రాలేదు. కంచె మాత్రం చెక్కుచెదరకుండా మేకలను కాపాడుతోంది.

మీ ఊరి దగ్గర నీలం బోర్డు ఉందా? దాన్ని చదివి తిరిగి రాకండి. వెనక ఏముందో చూడండి. ఏమీ లేకపోతే, అసలుది ఎక్కడుందో ఆ పక్కన పని చేసుకుంటున్న మనిషిని అడగండి. తర్వాత మీ అధికారిని అక్కడికి నడిపించండి, పొక్లెయిన్ కంటే ముందు.