మేబెల్ ఒళ్ళోంచి లేవలేదు

ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని, నోరు కాస్త పెద్దది. రిటైరయ్యాక, పరీక్షల వారంలో పిల్లల దిగులు తగ్గించడానికి మా కుక్క మేబెల్‌ను యూనివర్సిటీ లైబ్రరీకి తీసుకెళ్తున్నాను. పిల్లలు వచ్చి నేల మీద కూర్చుంటారు. అది వాళ్ళ ఒళ్ళో తల పెడుతుంది. పది నిమిషాలు నిమిరి, తేలికపడి వెళ్తారు. ఇలా కుక్కల్ని తెచ్చే మాకున్న నియమం ఒక్కటే, సలహాలివ్వకూడదు. కుక్క చూసుకుంటుంది, మీరు నోరు మూసుకోండి అని శిక్షణలో మరీ మరీ చెప్పారు. నన్ను చూసే చెప్పారని నా అనుమానం.

ఆ ఉదయం తొమ్మిది దాటగానే మారెన్ అనే అమ్మాయి వచ్చింది. బూట్ల మీది మంచు కూడా దులుపుకోలేదు. మేబెల్ తల ఒళ్ళో పెట్టగానే బోరుమంది.

"పరీక్ష ఎప్పుడమ్మా?" అన్నాను.

"ఇప్పుడే. కెమిస్ట్రీ. తొమ్మిదింటికి మొదలైపోయింది."

"మరి ఇక్కడ కూర్చున్నావేంటి?" అన్నాను.

"అరగంట దాటితే లోపలికి రానివ్వరు. ఇదివరకే ఓసారి తప్పాను. ఇంకోసారి తప్పితే నర్సింగ్ సీటు పోతుంది," అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

గడియారం తొమ్మిదీ పన్నెండు చూపిస్తోంది. హాలు ఐదు నిమిషాల నడక. నియమాన్ని పక్కన పడేశాను.

"లే తల్లీ, పరిగెత్తు. సగం రాసినా రాసినట్టే."

"కాళ్ళు రావట్లేదు మేడమ్. ఇది లేస్తే నేనూ లేస్తా."

"మేబెల్, ఇటు రా!"

తోక ఊపింది కానీ కదల్లేదు. ఏడుస్తున్న మనిషి ఒళ్ళోంచి ఎవరు పిలిచినా లేవకూడదని రెండేళ్ళు కష్టపడి నేర్పింది నేనే. చీజ్ ముక్క చూపిస్తే మొహం తిప్పుకుంది. మెడపట్టీ లాగితే ఆ పిల్ల దాని మెడ పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. మేబెల్ తన బరువంతా ఆమె మీద వాల్చేసింది. బస్సు నిండా అల్లరి పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టినదాన్ని, ఒక్క పిల్లను లేపలేకపోయాను. నాకే ఏడుపొచ్చింది.

ఈ కార్యక్రమం చూసుకునే ట్రెంట్‌ను పిలిచాను.

"కదిలించకండి లోరీన్. ఏడవనివ్వండి," అన్నాడు గుసగుసగా.

"అక్కడ పరీక్ష అయిపోతోందయ్యా!"

"అది ఆ అమ్మాయి ఇష్టం. మనం చెప్పకూడదు."

తొమ్మిదీ ముప్పై ఐదుకు ఏడుపు ఆగింది. మారెన్ తలెత్తి గడియారం చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"థాంక్స్ మేడమ్. ఇప్పుడు ఊపిరాడుతోంది."

మేబెల్ అప్పుడు లేచి ఒళ్ళు విదుల్చుకుంది.

వెళ్ళేముందు అందరూ నింపే కాగితం ఒకటుంది. వచ్చినప్పుడు ఆందోళన పదికి ఎంత, వెళ్ళేటప్పుడు ఎంత అని. మారెన్ పది అనీ, ఒకటి అనీ రాసి మంచులోకి నడిచి వెళ్ళిపోయింది. ట్రెంట్ ఆ కాగితం చూసి పొంగిపోయాడు.

"ఈ వారంలో ఇంత తేడా ఎవరికీ రాలేదు లోరీన్!"

మేబెల్ నా ఎదుట నిలబడి మొహంలోకి చూస్తోంది. పని సరిగ్గా చేసినప్పుడు మెచ్చుకోవడం మా అలవాటు.

"శభాష్," అన్నాను. దాని తప్పేముంది?