అత్త తొక్కిన గుండం

నిప్పుల గుండం తొక్కుతూ మా అత్త రాఘవమ్మ నడుమ ఆగిపోయింది. చేతులు జోడించి, అంకమ్మ గుడి వైపు తిరిగి, నవ్వింది. మిగతా మొక్కుబడి వాళ్లంతా గబగబా దాటిపోతుంటే ఆమె మాత్రం మా వసారాలో నిలబడ్డట్టు నిలబడింది. ఎవరో చెయ్యి పట్టి లాగితే గానీ కదల్లేదు. ఎవరో తీసిన ఆ వీడియో ఉదయగిరి చుట్టుపక్కల ఫోన్లన్నిట్లో తిరిగింది.

"చూసినావా మధూ! అమ్మకు సెగ గూడా తగల్లేదంట!" అని మా బావ మల్లికార్జున ఫోన్లో ఒకటే అరుపు. ఆయన మా ఆయనకు అన్న. ఊళ్లో సేద్యం చేయిస్తాడు, తిరునాళ్ల కమిటీకి పెద్ద. మా ఆయన శ్రీకాంత్ ఆత్మకూరులో ఫిజిక్స్ లెక్చరర్. అన్నకు దేవుడంటే ఎంత పిచ్చో, తమ్ముడికి దేవుడు లేడని చెప్పడమంటే అంత పిచ్చి. ఇద్దరి నడుమా నలిగేది నేను.

శ్రీకాంత్ ఊరుకుంటాడా? మర్నాడే తనూ ఒక వీడియో పెట్టాడు. బొగ్గు వేడిని నిదానంగా వదులుతుందట. పైన బూడిద అడ్డం ఉంటుందట. గుండం దిగే ముందు పసుపునీళ్లతో కాళ్లు తడుపుతారు కాబట్టి ఆ తడి కాపాడుతుందట. ఇందులో అద్భుతమేమీ లేదు, ఎవరైనా తొక్కొచ్చు అని తేల్చేశాడు.

"మరి అత్త నడుమ నిలబడింది గదా? అట్లా నిలబడితే కాలదా?" అన్నాను.

"తడి బాగా ఉండుంటాదిలే," అన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. ఇంకో మాటంటే ఇంట్లోనే క్లాసు మొదలుపెడతాడని ఊరుకున్నాను.

ఆదివారం ఇద్దరం ఊరికి పోయాం. తల్లిని చూడటానికని పేరే గానీ, అన్నతో ఎదురుగా వాదన వేసుకోవాలని మా ఆయన సరదా. ఇంటి ముందు ఆటోలు. వసారా నిండా ఆడవాళ్లు, సీతారామపురం నుంచి, కొండాపురం నుంచి కూడా వచ్చారు. అత్త మంచం మీద కూర్చుని పాదాలు పీట మీద పెట్టుకుంది. ఒకరు మొక్కి లేవడం, ఇంకొకరు ఇంత పసుపు తెచ్చి పూయడం. పసుపు మందంగా పేరుకుని పాదాలు కనిపించడమే లేదు. అగరొత్తుల పొగకు నాకు దగ్గొచ్చింది.

అన్నదమ్ములు మొదలుపెట్టనే పెట్టారు.

"ఒరేయ్, నీ సైన్సును వచ్చి ఆ గుండంలో నిలబడమను చూద్దాం!"

"నిలబడతా అన్నా, కొలిచి చూపిస్తా! థర్మామీటర్ తెప్పించు!"

జనానికి అదొక తమాషా అయిపోయింది. నన్ను చూడగానే అత్త లేచింది. "రా అమ్మాయ్, టీ పెడతా," అంటూ వంటింటి వైపు నడిచింది. నా కడుపు ఆపరేషనయ్యాక నేను ఊరికి రావడం అదే మొదలు. ఆమె వెనకాలే పోయాను. సిమెంటు గచ్చు మీద ఆమె నడిచిన చోటల్లా పచ్చగా తడి మరకలు పడుతున్నాయి. పసుపే అనుకున్నాను.

వంటింట్లో అగరొత్తుల పొగ లేదు. వాసన గుప్పున కొట్టింది.

"అత్తా, ఏంది ఈ వాసన?"

"ఎలక యాడో చచ్చినట్టుండాదే. గంగాళాల కింద, బియ్యం డబ్బాల వెనక అంతా వెతికినా, కనపడలా."

ఆమెను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, కుడికాలు ఒళ్లోకి తీసుకున్నాను. కాలు పెనంలా వేడిగా ఉంది. పసుపు గోరుతో గీకితే పెళ్లగా వచ్చింది, దాంతోపాటు చర్మమూ వచ్చింది. లోపలంతా నలుపు, చీము. బొటనవేలి కింద బొగ్గు ముక్క ఒకటి మాంసంలో దిగబడి ఉంది. గుండంలోని బొగ్గే. ఇన్నాళ్లూ ఆమె దాని మీదే నడుస్తోంది.

"అత్తా... నొప్పి లేదా?"

"నొప్పేంది? ఏమే, అట్లా చూస్తుండావ్?"

నేనెట్లా అరిచానో నాకు తెలియదు. అన్నదమ్ములిద్దరూ పరుగెత్తుకొచ్చారు. బావ ఆ కాలు చూసి గోడ పట్టుకున్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "మెల్లగా మధూ, బయట జనం ఉండారు," అన్నాడు. శ్రీకాంత్ కళ్లార్పకుండా చూస్తూ, "ఇట్లా అవకూడదే... అంత వేడి ఎక్కదే..." అని గొణిగాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "మీ దేవుడూ మీ సైన్సూ గంగలో కలవ! ఎందుకు కాల్లేదో ఇద్దరూ ఊరంతటికీ చెప్పినారే, కాలిందో లేదో ఒక్కడన్నా చూసినారా? కన్నతల్లి కాలు రా అది!" మొగుడిని 'రా' అన్నానని కూడా నాకు తెలియలేదు.

కారులో ఆత్మకూరు తీసుకొచ్చాం. డాక్టర్ దయాసాగర్ కాలు చూసి నొసలు ముడిచాడు. "అమ్మా, కళ్లు మూసుకోండి. గుచ్చినప్పుడు చెప్పండి," అని సూది తీశాడు. అత్త బుద్ధిగా కళ్లు మూసుకుంది. ఆయన మడమ మీద గుచ్చాడు, వేళ్ల మీద గుచ్చాడు, రెండో కాలు మీదా గుచ్చాడు. రక్తం చుక్కలు పైకొచ్చాయి.

"ఎప్పుడు గుచ్చుతావు నాయనా?" అని అడిగింది అత్త.

బావ బెంచీ మీద కూలబడిపోయాడు.

"షుగర్‌ ఉందని తెలిసీ సరిగ్గా మందులు వాడలేదు. పాదాల్లో నరాలు చచ్చిపోయాయి. నిప్పుల మీద గంట నిలబడ్డా ఈమెకు తెలియదు," అన్నాడు డాక్టర్. "విషం పైకి ఎక్కుతోంది. వెంటనే నెల్లూరు తీసుకుపోండి. పాదం దక్కదు, కాలన్నా దక్కితే అదృష్టం."

"అంటే నరాల దగ్గర..." అని శ్రీకాంత్ ఏదో మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాదం పోతుందన్న మాటకు అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నీ కడుపులో గడ్డ కోసిన రోజు అంకమ్మకు మొక్కుకున్నా మధూ. ఆ బిడ్డను బాధ పెట్టబాక తల్లీ, ఆ మంటేదో నేను పడతా అని. చెడ్డ గడ్డ కాదని చెప్పినారు. అందుకే గుండం దిగినా. పడేదేదో పూర్తిగా పడదామనే నడుమ ఆగినా. ఏమీ తెలీలా. చాల్లే, నువ్వు పడొద్దులే అంటుండాది అమ్మ అనుకుని నవ్వినా."

ఎందుకు ఆగిందో, ఎందుకు నవ్విందో మాలో ఎవరం అడగనే లేదు. నేను కూడా అడగలేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఇప్పుడీయన నరాలు చచ్చినాయంటుండాడు," అంది అత్త. "అంటే నేను పడలా. మొక్కు తీరలా."

నర్సు వచ్చి కాలికి కట్టు కడుతుంటే అటు చూడనైనా చూడలేదు. నా కడుపు వైపే చూస్తోంది. ఆ చూపులో ఉన్నంత భయం నేను ఎవరి కళ్లలోనూ చూడలేదు.

"డాక్టరయ్యా, ముందు ఈ బిడ్డకు మళ్లీ టెస్టు చెయ్యి," అంది. "నా కాలు సంగతి తర్వాత చూద్దువు."